మూడో ప్రకటన

కైలాసం సంఘం మార్చినంత సులువుగా నేను చీర కూడా మార్చలేను. లాల్‌దర్వాజాలో కిరాణా కొట్టు పైగదిలో మా ఆయన పాస్టర్ ఓదెలు నడిపే చిన్న సంఘానికి క్రిస్మస్‌కు వస్తాడు, ఈస్టర్ నాటికి ఇంకెక్కడో తేలుతాడు. ఒకచోట పాటలు బాగుంటాయట, ఇంకోచోట ప్రవచనాలు బాగుంటాయట, మరోచోట ఏసీ బాగుంటుందట. లాడ్ బజార్‌లో గాజులకు అద్దే రాళ్లు అమ్ముతాడు కదా, దేవుణ్ని కూడా పది దుకాణాలు తిరిగి బేరం చేయాలనుకుంటాడు. చివరికి శంషాబాద్ దిక్కు పెద్ద రేకుల షెడ్డులో వేలమంది కూడే చోట కుదురుకున్నాడు. కుదురుకున్నాడంటే, అక్కడ రాకపోయినా అడిగేవాడు లేడని అర్థం.

కూతురు ఆశ్రిత అలాంటిది కాదు. చిన్నప్పుడు మా సండే స్కూల్లో చాప మీద జరుగుతూ జరుగుతూ నా ఒళ్లోకి వచ్చేసేది. తండ్రి లాక్కుపోయాక మళ్లీ కనపడలేదు. నేనే వాళ్లింటికి వెళ్తే, "మేం పెద్ద సంఘంల ఉన్నం పాస్టరమ్మా, ఫికర్ చెయ్యకు" అని కైలాసం గుమ్మంలోంచే పంపించేశాడు.

ఆ మనిషి మొన్న వేసవిలో మిఠాయి డబ్బా పట్టుకొని మా మెట్లెక్కాడు. ఆశ్రితకు పెళ్లి కుదిరిందట. అబ్బాయి పేరు సంకేత్, సికింద్రాబాద్. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకరినొకరు ఇష్టపడ్డారు. అబ్బాయి వాళ్లు తాతల కాలం నుంచి ఒకే సంఘంలో ఉన్నవాళ్లు. వాళ్ల పద్ధతి ప్రకారం పిల్ల పేరును పిల్ల సంఘంలో మూడు ఆదివారాలు ప్రకటించాలి. ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడగాలి. మూడో ప్రకటన రోజు అబ్బాయి తల్లి వచ్చి స్వయంగా వినాలి. అది జరగనిదే పెళ్లి లేదు.

"మరి మీ పెద్ద సంఘంల చదివిపియ్యరాదు?" అన్నాను.

"ఆడ గవన్ని ఉండయమ్మా. ఫోన్ చేస్తే ప్రార్థన కోసం ఒకటి నొక్కుమంటది, సాక్ష్యం కోసం రెండు నొక్కుమంటది. మనిషే మాట్లాడడు."

నాకు నవ్వూ వచ్చింది, కడుపూ మండింది.

మా ఆయన మాత్రం నెమ్మదిగా అన్నాడు. "చదువుత కైలాసం అన్నా. గని పిల్ల మా నడుమ కూసోవాలె. మొఖం తెల్వని పేరు చదివి ఎవరికన్న అడ్డం ఉందా అంటే ఎవరేం చెప్తరు? మూడు ఆదివారాలు రావాలె."

"గంతేనా! వస్తం పాస్టర్ గారు. గిదొక పనా?"

మొదటి ఆదివారం అందరూ వచ్చారు. కైలాసం ఫ్యాన్ కింద చోటు కోసం ముగ్గుర్ని జరిపాడు. ఆశ్రిత వెళ్లి ఆగమ్మ పక్కన కూర్చుంది. ఆగమ్మకు చూపు ఆనదు, పాటలన్నీ నోటికొచ్చు. పిల్ల మొఖం చేత్తో తడిమి, "కైలాసం బిడ్డవా? ఎంత పెద్దగైనవే!" అంది. మా ఆయన పేరు చదవగానే గదిలో వాళ్లంతా వెనక్కి తిరిగి నవ్వారు. పిల్ల సిగ్గుతో తల దించుకుంది. అది చూసి నాకెంత సంతోషమైందో చెప్పలేను.

రెండో ఆదివారం ఆశ్రిత ఒక్కతే వచ్చింది. ఆరాధన అయ్యాక నాతోపాటు చాయ్ గ్లాసులు కడుగుతూ ఉన్నట్టుండి అంది. "పెండ్లయినంక గూడ నేను ఈడికొస్త అమ్మగారూ. ఆడ ఒకపారి మస్తు ఏడ్చిన. పక్కామె కండ్లు మూసుకొని చేతులెత్తే ఉంది. ఎవ్వరు సూడలే."

మూడో ఆదివారం సంకేత్, వాళ్ల అమ్మ ముందుగానే వచ్చారు. కింద కొట్టువాళ్లను అడిగి కుర్చీలు తెచ్చి వేశాం. ఆశ్రిత రాలేదు. తండ్రికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, పిల్ల ఫోన్ ఆపేసి ఉంది. మా ఆయన వాక్యం సాగదీశాడు. ఆగమ్మతో చరణాలన్నీ పాడించాడు. ప్రార్థన కూడా పొడుగు చేశాడు. ఇక సాగదీయడానికి ఏమీ మిగలనప్పుడు నా ఫోన్ మోగింది. కైలాసం! అవతల డ్రమ్ముల మోత, దాన్ని మించి ఆయన అరుపు.

"పాస్టరమ్మా, ఇయ్యాల మా పెద్ద సంఘం పెద్దాయన పెండ్లి కుదిరిన పిల్లలకు నూనె రాసి ప్రార్థన చేస్తుండు. గిసొంటి మోకా మల్ల దొరకదు. జల్దిన అయిపోతదనుకున్నం, ఇంక లైన్లనే ఉన్నం. మీరు చదివేయుండ్రి, రెండుసార్లు అయింది గద!"

ఆ అరుపు గదంతా విన్నది. సంకేత్ తల్లి లేచి నిలబడింది. గొంతు మాత్రం పెంచలేదు.

"ఒక్కటే అడుగుత పాస్టర్ గారు. ఈ పిల్ల మీ సంఘం పిల్లేనా?"

నేను మా ఆయన్ని కళ్లతోనే బతిమాలాను. అవునని అనవయ్యా, నీ సొమ్మేం పోతుంది!

"రెండు ఆదివారాలు వచ్చిందమ్మా. మంచి పిల్ల" అన్నాడాయన.

"నేనడిగింది అది కాదు."

ఆయన తల దించి బైబిల్ మూశాడు.

"మా ఆయన పోయిన్నాడు సంఘమే మమ్మల్ని ఎత్తుకున్నది. దుఃఖమొస్తే ఎవరింటికి పోవాల్నో తెల్వని ఇంట్లకెల్లి పిల్లను ఎట్ల తెచ్చుకోను?" అని ఆమె మెట్లు దిగింది. సంకేత్ నోట్లో నాలుక లేనట్టు తల్లి వెనకే దిగిపోయాడు. థూ, అదీ ఒక ప్రేమేనా!

అందరూ వెళ్లాక మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "నీ నిజం ఏం చేస్కుంటవ్? ఊరగాయ పెట్టుకుంటవా?"

"ఆమె నన్ను నమ్మి అడిగింది రాజమణీ" అన్నాడు.

సాయంత్రం కైలాసం కూతుర్ని వెంటబెట్టుకొని కేకలేసుకుంటూ వచ్చాడు. సంబంధం వద్దని వాళ్లు ఫోన్ చేసి చెప్పేశారట. "ఒక్క అవునంటే మీ నోటి ముత్యాలు రాలుతయా? నా బిడ్డ పెండ్లి చెడగొట్టిండ్రు!"

"చెడగొట్టింది నువ్వు!" అన్నాను. "పెద్దాయన నూనె కావాలె, చిన్నోళ్ల సాక్ష్యం కావాలె, ఎవ్వలకు జవాబు చెప్పుడు మాత్రం వద్దు నీకు. పో, ఫోన్ల ఒకటి నొక్కి ఏడువు!"

లొల్లికి పక్కిళ్లవాళ్లు తొంగి చూశారు. కైలాసం కూతుర్ని కూడా వదిలేసి విసవిసా దిగిపోయాడు.

ఆశ్రిత తలుపు దగ్గరే నిలబడి ఉంది. నుదుటి నుంచి నూనె కనుబొమ్మల మీదికి కారి ఉంది. లోపలికి తెచ్చి, కొంగుతో తుడిచాను. "ఏమని ప్రార్థన చేసిండు బిడ్డా?" అని అడిగాను.

"నూనె రాసి జరుగమన్నడు అమ్మగారూ. నా పేరు గూడ అడగలే." అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. వెక్కుతూనే మా ఆయన వైపు తిరిగింది. "మీరన్న ఇయ్యాల చదివిండ్రా అయ్యగారూ, నా పేరు?"

మా ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. లేదని నేనే చెప్పాల్సి వచ్చింది.