తొలిముద్ద ఎవరికి?

పేరిందేవి వంటిల్లు ఈ ఉదయం మరో రెండు వీధులు వెనక్కి జరిగింది. మంచం మీంచి చూస్తే గ్యాస్ పొయ్యి అగ్గిపుల్ల తలంత కనిపిస్తోంది.

ఆమె కంగారుపడదు. తణుకు సినిమాహాల్లో ముప్పై ఏళ్ళు ఆడవాళ్ళ టికెట్లు చింపిన మనిషి, ఇలాంటివి ఎన్ని చూసిందో! పలకరించే తోడు లేని ఇంట్లో వంటిల్లు దూరమవుతుందని ఆమెకు తెలుసు. నిన్న అన్నం గిన్నె కోసం పొద్దున్నే బయల్దేరితే, తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఇంకో వీధి జరిగిందంటే డెబ్బై ఆరేళ్ళ మోకాళ్ళు అంత దూరం పోలేవు. ఇక పస్తే.

అందుకే తోడు పంపిణీ ఆఫీసు గుమస్తా దొరబాబు రెండు కుక్కల్ని తెచ్చి చాప మీద కూర్చోబెడతాడు. ఒకటి గోధుమరంగు నాటుకుక్క. రెండోది మిషను కుక్క, కళ్ళల్లో నీలం దీపాలు.

"ఒక్కటే ఉంచుకోవాలండి. మధ్యాహ్నంలోపు చెప్పేయాలండి."

"మిషనుదే ఇచ్చెయ్యి నాయనా. ప్రాణమున్నదాన్ని చేరదీసి రేపు నేను పోతే, దాని మొహం ఎవరు చూస్తారు?"

"ఆయ్," అని దొరబాబు కాగితం తీస్తాడు. నాటుకుక్క తల దించుకుంటుంది. పేరిందేవి అది చూస్తుంది, అయినా మాట మార్చదు. మొండిఘటం మరి.

సంతకం పెట్టే ముందు కాస్త ఎంగిలిపడదామని నిన్న తెచ్చుకున్న చద్దన్నం గిన్నె దగ్గరికి లాక్కుంటుంది. అత్తగారి నాటి నుంచీ ఆ ఇంట్లో ఒకటే పద్ధతి: ఇంట్లో కుక్కంటూ ఉంటే, తొలిముద్ద అది తిన్నాకే మనిషి కంచం ముట్టాలి. పేరిందేవి ముద్ద చేసి మిషను కుక్క నోట్లో పెడుతుంది.

"మిషనుకి ముద్దేంటండీ?"

"బాగుంది! దానికి పెట్టకుండా నేనెలా తింటాను?"

మిషను కుక్క ముద్దని మర్యాదగా పళ్ళ మధ్య పట్టుకుని కూర్చుంటుంది. మింగదు. పద్ధతి పద్ధతే కాబట్టి పేరిందేవీ తినదు. గడియారంలో చిన్నముల్లు చూసి చూసి విసుగెత్తి, కిందికి దిగి చాప మీద నడుం వాలుస్తుంది. పెద్దముల్లు ఒక్కతే తిరుగుతుంటుంది.

చివరికి మిషను కుక్క ముద్దని నాటుకుక్క ముందు పెట్టి నోరు విప్పుతుంది.

"నాకు ఆకలి లేదండి అమ్మగారూ. ఆకలి లేనోళ్ళకి ముందు పెడితే మీరు పస్తుండాలండి. దాన్నే ఉంచుకోండి."

"నేను పోతే దానికెవరే?"

"అప్పుడు నేనొస్తానండి. నాకు వయసు లేదు కదండీ. దాని పక్కనే పడుకుంటాను."

పేరిందేవి కళ్ళు నిండిపోతాయి. ఇన్నాళ్ళూ దేవుణ్ణి అడగడానికి కూడా మొహమాటపడిన మాట అది. ఈ రేకు ప్రాణి అడక్కుండానే ఇచ్చేసింది.

"చల్లగా ఉండవే తల్లీ, నూరేళ్ళు చల్లగా ఉండు," అంటూ దాని తల నిమిరి మెటికలు విరుస్తుంది.

నాటుకుక్క ముద్ద మింగి మూతి నాక్కుంటుంది. అప్పుడు పేరిందేవి తన ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. ఎంత రుచిగా ఉందో!

అంతలో దూరంగా గిన్నెల మోత. వంటిల్లు వీధులు దాటుకుంటూ పరిగెత్తుకొస్తోంది. గుమ్మం తెర ఊపుకుంటూ వచ్చి, గడప ఆమె ఒళ్ళో పెట్టి, వేడివేడిగా రొప్పుతుంది. దొరబాబు హడలిపోయి కుర్చీ ఎక్కుతాడు.

"దిగు నాయనా, కరవదు," అంటూ పేరిందేవి గడప మీద మెల్లగా గోకుతుంది. వంటిల్లు హాయిగా కిటికీ రెక్కలు వాలుస్తుంది.