ఎనభై ఏడో ప్రశ్న

తాళం వేసి మూడోసారి లాగి చూస్తున్నాడాయన.

“ఇంకోసారి లాగారంటే తలుపే ఊడి మీ వెంట ఆఫీసుకొస్తుంది,” అంది మెట్ల మీద నిలబడ్డ భార్య. ఆమె బడికి వేళవుతోంది.

“ఊడేదయితే ఇప్పుడే ఊడనీ,” అని నాలుగోసారి లాగాడు.

మనిషి పొడవు. సంచీ మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. ఎర్ర సిరా మరక లేని చొక్కా ఆయనకి లేదు. ఇరవయ్యొక్కేళ్లుగా ఆయనకి దొంగలా ఆలోచించడమే కొలువు. ఆఫీసులో కుర్రకారు ఒక యాప్ కడితే, అది జనం చేతికి వెళ్లేలోపు దానికి ఎవడు ఎక్కడ కన్నం వేయగలడో ఈయన చూడాలి. దానికి ‘త్రెట్ మోడలింగ్’ అని పెద్ద పేరుంది. ఈయనకి మాత్రం వెనకాల ‘అనుమానాల మేస్త్రి’ అని చిన్న పేరే ఉంది.

మేస్త్రి నూటపన్నెండు ప్రశ్నల ఫారం ఒకటి తయారుచేశాడు. ప్రతి ప్రశ్న వెనకా ఎక్కడో ఎవరికో తగిలిన దెబ్బ ఉంది. యాప్‌లు కట్టే జట్లు దాన్ని నింపేవి అనడం కంటే వదిలించుకునేవి అనడం న్యాయం. పైనుంచి కిందిదాకా ‘వర్తించదు’ అని టిక్కులు కొట్టి పంపేవారు. ఒక జట్టయితే పక్క జట్టు ఫారాన్నే, పేరు కూడా మార్చకుండా పంపింది. తిప్పి పంపితే పేరొక్కటి మార్చి మళ్లీ పంపింది.

అలాంటి చోటికి నాలుగు నెలల కిందట ఇదే పని మీద బొమ్మలమ్మాయి వచ్చింది. ఆ పేరు మేస్త్రి పెట్టిందే. ఆమెకి ఫారం లేదు, టిక్కులు లేవు. తెల్లబోర్డు మీద నాలుగు డబ్బాలు గీసి, పెన్ను ఎవరో ఒకరి చేతిలో పెట్టి, “నువ్వే దొంగవి. ఎటునుంచి దూరతావ్?” అంటుంది. అంతే. వరండాలో మేస్త్రిని చూస్తే పక్కకి తప్పుకునే కుర్రాళ్లు, ఆమె గదికి కుర్చీలు మోసుకుని మరీ వెళ్తున్నారు. అది చూసినప్పుడల్లా ఆయన తన ఫారాల కట్టని బల్ల మీద కాస్త గట్టిగానే పడేసేవాడు.

ఆరోజు పదింటికి అదే గదిలో, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. రోగులు తమ రిపోర్టులు ఫోన్‌లోనే చూసుకునే యాప్ అది. ఎల్లుండి జనంలోకి వెళ్తుంది. టెస్టింగ్ పిల్ల, మూడేళ్లలో ఆయనతో “అలాగే సార్” తప్ప మరో ముక్క మాట్లాడనిది, లేచి బోర్డు దగ్గరికెళ్లింది.

“నేనైతే ఇదిగో, ఈ సందులోంచి దూరతా.”

“ఓరి నాయనో, నీ పక్కన పర్సు పెట్టకూడదే!” అన్నాడు జట్టు నాయకుడు. గదంతా నవ్వు. ఆ నవ్వు ఆయన ఇరవయ్యొక్కేళ్లలో ఒక్కసారి కూడా సంపాదించనిది.

అప్పుడే కనబడింది ఆయనకి. బోర్డు మీద ఫోన్ ఉంది, సర్వర్ ఉంది, బయటి దొంగలు బోలెడుమంది ఉన్నారు. కింది అంతస్తులో ఫోన్లెత్తే అమ్మాయి మాత్రం లేదు. పాస్‌వర్డు మరిచిపోతే రోగి ఫోన్ చేసేది ఆమెకే. ఆమె యంత్రం కాదు గనక ఎవరికీ గుర్తు రాలేదు.

“సార్, మేమేమైనా వదిలేశామా?” అడిగింది బొమ్మలమ్మాయి.

“ఇంతమంది మేధావులున్నారు, నాదేముందమ్మా,” అన్నాడు. పగలనీ, పగిలితే మళ్లీ నా ఫారం దగ్గరికే వస్తారు అనుకున్నాడు. చాలా రోజుల తరవాత ఒంటికి హాయిగా అనిపించింది.

భోజనాల గదిలో ఫోన్లెత్తే అమ్మాయి ఎదురుగా కూర్చుంది.

“యాప్ వచ్చాక ఎవరైనా పాస్‌వర్డు మరిచిపోతే ఏం చేస్తావమ్మా?” అన్నాడు, తెలిసే.

“పుట్టినతేదీ అడిగి కొత్తది ఇచ్చేయమన్నారు సార్. ఎంత సులువో!”

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఒకప్పుడు ఆయన చెల్లెలు తన రిపోర్టుని ఆర్నెల్లు చీరల మడతల్లో దాచింది, మొగుడి కంట పడితే చంపేస్తాడని. ఆ మొగుడికి ఆమె పుట్టినతేదీ తెలియదా? ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఇక్కడ పట్టడం మాట దేవుడెరుగు, పిలిచి తాళంచెవి ఇస్తున్నారు.

అయినా మధ్యాహ్నమంతా కుర్చీలోంచి లేవలేదు. రెండుసార్లు లేచినట్టే లేచి, ఆ గదిలోంచి నవ్వు వినబడి మళ్లీ కూర్చున్నాడు.

అయిదింటికి గది ఖాళీ అయింది. లోపలికెళ్లాడు. పొద్దుటి బొమ్మ చెరపలేదు. ఎర్ర పెన్ను తీసి, ఫోన్ పట్టుకున్న ఆడమనిషిని గీశాడు. తల సొరకాయలా వచ్చింది. ఆమె దగ్గరనుంచి రిపోర్టుల డబ్బాలోకి తిన్నగా ఒక బాణం వేశాడు. కింద రాశాడు: ‘పుట్టినతేదీ ఇంట్లో వాళ్లందరికీ తెలుసు.’

గుమ్మందాకా వెళ్లాడు. పోనీలే అనుకోవాలని చూశాడు గానీ మనసొప్పలేదు. వెనక్కొచ్చి మళ్లీ రాశాడు: ‘ఇది నా ఫారంలో 87వ ప్రశ్న!’ దాని కింద రెండు గీతలు కొట్టాడు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చివరి స్టాపులో కండక్టరు భుజం తట్టాడు. “సార్, దిగాలి.” అద్దానికి ఆనిన తల పక్కకి వాలిపోయింది.

మర్నాడు బోర్డు చూసి బొమ్మలమ్మాయి విడుదల ఆపించింది. కింది అంతస్తునుంచి ఫోన్లెత్తే అమ్మాయిని పిలిపించి, ముందు వరసలో కూర్చోబెట్టింది. ఎవరో ఈ యాప్‌కి నింపిన పాత ఫారం వెతికి తెచ్చారు. ఎనభై ఏడో ప్రశ్న ఎదురుగా టిక్కుంది, ‘వర్తించదు’ అని. టిక్కు కొట్టింది జట్టు నాయకుడే. ఆ తరవాతే, మేస్త్రి ముందురోజు బస్సులోనే పోయాడని ఫోనొచ్చింది.

ఆసుపత్రివాళ్లు భార్య చేతికి కళ్లజోడు, ఇంటి తాళంచెవి, చొక్కా జేబులో దొరికిన ఒక ఎర్ర పెన్ను మూత ఇచ్చారు. ఆమె ఇంట్లో ఉన్న పెన్నులన్నిటికీ దాన్ని పెట్టి చూసింది. దేనికీ పట్టలేదు.

ఆఫీసులో ఆ బోర్డు కింది పలక మీద, మూత లేని ఎర్ర పెన్ను ఒకటి పూర్తిగా ఎండిపోయి ఇంకా అక్కడే ఉంది.