గోడ మీద మొదటి పేరు

మా ఇంటి వెనక గది గోడ మీద అయిదు పేర్లుంటాయి. రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల మీద నంబర్లు రాసే పెయింటర్‌గా ముప్ఫై మూడేళ్ళు చేశాను కాబట్టి ఆ పేర్లు కూడా వ్యాగన్ పెయింటుతోనే, అంత లావు అక్షరాలతోనే రాశాను. అవి మా ‘ఆంధ్రా బాయ్స్’ ఫుట్‌బాల్ క్లబ్బులోకి నేను తెచ్చిన ఆటగాళ్ళందరిలోకీ మేటివాళ్ళ పేర్లు. రాయపూర్‌లో, మోవా పేటలోని మా ఇంటికి ఎవరొచ్చినా, గ్యాసు బండ తెచ్చినవాడైనా సరే, ఆ గోడ చూపించి కథ చెప్పందే వదలను.

మూడో పేరు రవి. పెళ్ళి భోజనాల్లో వడ్డనకి వచ్చాడు. సాంబారు బకెట్టుతో బంతుల మధ్య పరిగెత్తుతూ ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. పెళ్ళి అయ్యేలోపు మాట తీసుకున్నాను. రెండో పేరు ధనుంజయ్. మా రైట్ బ్యాక్‌నీ రెండు గోల్ నెట్లనీ ఇచ్చి మార్పిడి చేసుకున్నాం. ఆ నెట్లని అప్పటికే ఎలుకలు కొట్టేశాయని అవతలివాళ్ళు నన్ను ఇప్పటికీ తిడతారు. తిట్టుకోనీండి.

మొదటి పేరు వీరేంద్ర, గోల్‌కీపర్, 2004.

మా లీగులో ఆటగాడు స్వయంగా ఆఫీసుకి వచ్చి గుమాస్తా ఎదుట సంతకం పెట్టాలి. అందుకని చివరి తేదీ దగ్గరపడితే మంచి ఆటగాణ్ణి దాచేసేవాళ్ళం. దాచకపోతే అవతలి జట్టు ఎత్తుకుపోతుంది. స్టీలు కంపెనీ జట్టు దగ్గర కొత్త బూట్లున్నాయి, పైనుంచి నౌకరీ ఆశ కూడా ఉంది. మా దగ్గర మా ఆవిడ సరోజిని వంట ఒక్కటే ఉంది. వీరేంద్రని మూడు రోజులు ఆ వెనక గదిలో పెట్టి బయట గొళ్ళెం వేశాను. స్టీలు వాళ్ళు ఎంత గడుసువాళ్ళంటే, వాడి సొంత అన్ననే మా గుమ్మానికి పంపించారు. "తమ్ముడున్నాడా?" అని అడిగితే, "ఊరెళ్ళాడు" అన్నాను కన్నార్పకుండా. పాపం, వచ్చిన దారినే పోయాడు. ఇరవై ఏళ్ళుగా ఈ కథ చెప్పి ఎంతమందిని నవ్వించానో! వీరేంద్ర ఎదురుగా ఉన్నప్పుడు కూడా చెప్పేవాణ్ణి. వాడు నవ్వేవాడు కాదు. మొహమాటం అనుకునేవాణ్ణి.

ఇక ఈ ఏడాది సంగతి. నిరుడు జట్టు కూడలేదు, లీగులో ఆడలేదు. వరసగా రెండో ఏడు కూడా పదిహేను సంతకాలు లేకపోతే క్లబ్బు పేరు కొట్టేస్తారు. లీగులో పేరు లేని క్లబ్బుకి కాలనీ గ్రౌండు ఇవ్వరు. అంటే నలభై ఆరేళ్ళ క్లబ్బు నా చేతిలో చచ్చిపోతుంది. కుర్రాళ్ళంతా క్రికెట్టుకి పోయారు, లేకపోతే బతుకుతెరువుకి పోయారు. కాళ్ళావేళ్ళా పడి పద్నాలుగు మందిని పోగేసి, ఆఫీసులో సంతకాలు పెట్టించాను. అందులో నా మేనల్లుడు మోహనకృష్ణ ఒకడు. బంతి వస్తుంటే మర్యాదగా పక్కకి తప్పుకునే రకం.

పదిహేనో చోటు మాత్రం నిజమైన ఆటగాడి కోసం అట్టే పెట్టాను. అది నా పొగరు. దగ్గర్లోని ఆరంగ్ ఊళ్ళో రైస్ మిల్లు హమాలీ కొడుకు సందీప్ అని ఉన్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళు. వాడి ఎడమకాలు చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. చివరి తేదీకి రెండు రోజుల ముందే తెచ్చి వెనక గదిలో పెట్టాను. వాడి ఫోను తీసుకుని, మోగినా వినపడకుండా బియ్యం డబ్బాలో పాతేశాను.

"ఎవరో ఫోన్ చేస్తారు బాబాయ్, ఒక్కసారి ఇయ్యండి" అని వాడు మూడు సార్లు అడిగాడు.

ఎవరు చేస్తారో నాకు తెలీదా? స్టీలు వాళ్ళు. మధ్యమధ్యలో డబ్బాలోంచి తీసి చూస్తే కొత్త నంబరు నుంచి పన్నెండు మిస్డ్ కాల్స్. పన్నెండూ నేనే చెరిపేశాను.

చివరి రోజు. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు మూసేస్తారు. ఇప్పుడు ఆటో నడుపుతున్న వీరేంద్రనే రెండింటికల్లా రమ్మన్నాను. ఒకటిన్నరకి సరోజిని బియ్యం కోసం డబ్బాలో చెయ్యి పెడితే ఫోను చేతిలోనే మోగింది. పిల్లాడి తల్లేమోనని ఎత్తింది. వింటూ వింటూ నా వైపు తిరిగింది.

"బిలాస్‌పూర్ నుంచట. రైల్వే స్పోర్ట్స్ కోటా అట. ఎల్లుండి ఉండాల్సిన ట్రయల్ రేపు పొద్దున్నకి మార్చీసినారట. ఇయాల ఐదు గంటలకల్లా హాజరీ ఎయ్యకపోతే పేరు తీసేస్తారట. నిన్నటి నుంచి చేస్తన్నాం, ఎవలూ ఎత్తట్లేదని తిడతన్నాడండీ!"

ఆ ఏడాది ఇంకో క్లబ్బుకి సంతకం పెట్టినవాణ్ణి కోటాలో తీసుకోరు. రైల్వేలో పనిచేసినవాణ్ణి, నాకు తెలియనిది కాదు. సందీప్‌కి ఆ రూలు తెలీదు, మాకు సంతకం పెట్టేసి ఎల్లుండి ట్రయల్‌కి వెళ్ళొచ్చనుకున్నాడు. సంతకం పెడితే ఉద్యోగం లేదు. ఉద్యోగానికి వెళితే మాకు క్లబ్బు లేదు.

అప్పుడు నా నోట వచ్చిన మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. "రాంగ్ నంబరని పెట్టీయ్" అన్నాను.

సరోజిని నన్ను ఎగాదిగా చూసి వెనక గదివైపు నడిచింది. నేను ఉరికి గొళ్ళెం మీద చెయ్యి పెట్టాను. అరవై ఆరేళ్ళవాణ్ణి, సొంత ఇంట్లో తలుపుకి అడ్డం నిలబడ్డాను.

"చెయ్యి తియ్యండి."

"సరోజినీ, నలభై ఆరేళ్ళ క్లబ్బే..."

"ఆ బిడ్డ బతుకు. చెయ్యి తియ్యండి ముందు."

లోపలి నుంచి చిన్నగా వినిపించింది. "బాబాయ్, మోగింది నా ఫోనేనా?"

నా చెయ్యి దానంతటదే కిందకి జారింది.

బిలాస్‌పూర్ బండి రెండూ ఇరవైకి. నూకాలమ్మ తల్లి దయవల్ల వీరేంద్ర పావుగంట ముందే వచ్చాడు. విషయం చెబితే అక్కడికక్కడే ఆటో స్టేషన్ వైపు తిప్పాడు. రాయపూర్ ట్రాఫిక్‌లో వాడు ఆ ఆటో ఎలా నడిపాడో దేవుడికే తెలియాలి. సందీప్ ఒళ్ళో సంచి పెట్టుకుని, ఫోను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. నా జేబులో పద్నాలుగు సంతకాల ఫారం గుచ్చుకుంటోంది. దారిలో ఎర్రలైటు పడ్డ ప్రతిసారీ, ఈ బండి తప్పిపోతే బాగుండునని నా మనసులో ఒక మూల అనుకుంటూనే ఉంది. ఎంత నీచుణ్ణో నాకు ఆ రోజే తెలిసింది.

బండి కదులుతుండగా వాడు ఎక్కాడు. తలుపు దగ్గర నిలబడి నా వైపు చూశాడు. చెయ్యి ఊపలేదు, కోప్పడలేదు. అలా చూశాడంతే. బండి వెళ్ళిపోయింది.

స్టేషన్ బయట ఆటోలో కూలబడ్డాను. రెండున్నర. పదిహేనో సంతకం కోసం ముగ్గురికి ఫోన్ చేశాను. ఒకడు డ్యూటీలో, ఒకడు దుర్గ్‌లో, ఒకడు ఎత్తనే లేదు.

"మావయ్యా" అన్నాడు వీరేంద్ర, హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని, ముందుకే చూస్తూ. "ఆ రోజు మా అన్నని స్టీలోళ్ళు పంపలేదు."

నాకు అర్థం కాలేదు.

"రైల్వే నుంచి కాగితం ఒచ్చింది నాకు. మర్నాడే ట్రయల్. అది ఇద్దామనే ఒచ్చినాడు. మీరు ఊరెళ్ళాడన్నారు. గదిలోంచి నాకు ఇనపడింది మావయ్యా. ఇంటి గొడవేదో అనుకున్నాను. పలకొద్దని మీరు ముందే సెప్పినారు కదా, పలకలేదు. సంతకం పెట్టి ఇంటికెళ్ళాక తెలిసింది."

ఇరవై ఏళ్ళు ఈ కథ చెప్పి నవ్వాను. వాడి ముందే నవ్వాను.

"మరి నాకెప్పుడూ సెప్పలేదేట్రా?"

"ఏటి సెప్పమంటారు? సంతకం పెట్టింది నేనే కదా."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. వాడు వెనక్కి తిరిగి చూడలేదు. నా జేబులో ఫారం, పది నిమిషాల దూరంలో ఆఫీసు, ఎదురుగా ఏ క్లబ్బులోనూ లేని గోల్‌కీపర్. నలభై ఏళ్ళవాడైతేనేం, లీగుకి కావలసింది సంతకం. ఇంత జరిగాక కూడా నా బుర్ర ఆ లెక్కే వేసింది. ఫారం బయటికి తీశాను. నాకు తెలిసిన పద్ధతిలో అయితే, "పద, పెట్టు" అనేవాణ్ణి. వాడు పెట్టేవాడు కూడా.

ఏ ఆటగాణ్ణీ అడగని మాట ఆ రోజు అడిగాను. "వీరేంద్రా, నీకిష్టమేనా?"

స్టేషన్ గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

"లేదు మావయ్యా" అన్నాడు. "నాకిష్టం లేదు."

ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. వాడు ఆటో స్టార్ట్ చేసి, ఆఫీసు వైపు కాకుండా మోవా వైపు తిప్పాడు. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు మూడయింది.

ఆరు గంటలకి సందీప్ ఫోన్ చేశాడు, సరోజినికి. హాజరీ పడిందట.

ఆమె వెనక గదిలోకి వచ్చి ఆ మాట చెప్పేసరికి నేను స్టూలెక్కి, తడిగుడ్డతో గోడ మీద మొదటి పేరు తుడుస్తున్నాను. వ్యాగన్ పెయింటు. ఎండకీ వానకీ పోకూడదని తయారుచేసింది. చెయ్యి నొప్పెట్టే దాకా రుద్దాను. పోలేదు.