విగ్రహం వెనక ఎర్ర దీపం

వెలగడానికే పుట్టినదానికి, వెలగని రోజే మంచి రోజైతే, దాని బతుకును ఏమని పిలవాలి? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నోసార్లు వేసుకున్నాను. జవాబు దొరకలేదు.

నేను ఒక చిన్న బల్బును. చిటికెనవేలి గోరంత గాజు, లోపల వెంట్రుకకన్నా సన్నని తీగ, ముందు ఒక ఎర్రటి మూత. ఒక పాత కారు డాష్‌బోర్డులో నా నివాసం. ఆ కారులో మీటర్లు స్టీరింగుకు ఎదురుగా కాక డాష్‌బోర్డుకు నడుమన ఉంటాయి. తాళం తిప్పగానే వెలుగుతాను. ఇంజను అందుకుని డైనమో కరెంటు పుట్టించగానే ఆరిపోతాను. దారిలో మళ్ళీ వెలిగానంటే డైనమో పని చేయడం లేదని, కారు బ్యాటరీలో దాచుకున్నది తింటూ నడుస్తోందని అర్థం. నాకు వచ్చిన మాట ఇదొక్కటే.

నన్ను ఏ ఊళ్ళో చేశారో తెలియదు. గాజును ఊది, లోపలి గాలిని తోడేసి, మూతి మూశారని మాత్రం గుర్తు. లోపల ఏమీ లేకపోవడం వల్లనే తీగ కాలిపోకుండా వెలుగుతుందట. ఖాళీగా ఉండటం కూడా ఒక అర్హతేనని అలా తెలిసింది.

నా మొదటి యజమాని కాలువల శాఖలో ఇంజనీరు. రోడ్డుకన్నా నన్నే ఎక్కువగా చూసేవాడు. నేను రెప్పపాటు మినుకుమంటే కారు పక్కకు తీసి, చొక్కా చేతులు మడిచి, బానెట్ ఎత్తేవాడు. ఏమీ కనిపించకపోతే దిగులు పడేవాడు. రెండో యజమాని బ్యాండుమేళం నడిపేవాడు. నేను వెలిగితే డప్పు మీద వేసినట్టు డాష్‌బోర్డు మీద ఒక దెబ్బ వేసేవాడు. ఆ అదురుకు ఏ తీగో కదిలి నేను ఆరిపోతే, "కుదిరింది రోగం!" అని విజిల్ వేసేవాడు. ఒకడు భయంతో చూశాడు, ఒకడు కోపంతో చూశాడు. ఇద్దరూ నన్ను నన్నుగానే చూశారు. అది ఎంత అరుదైన భాగ్యమో అప్పుడు తెలియలేదు.

మూడో యజమాని చీరాల నేతగాడు మార్కండేయులు. మగ్గం దిగి చీరల వ్యాపారం పెట్టుకున్నాక ఈ కారు కొన్నాడు. వెనక సీటు నిండా చీరల మూటలు, ముందు ఎడమ సీటులో అతని భార్య తిరుపతమ్మ. ఆమె లేకుండా బేరానికి వెళ్ళేవాడు కాదు. రంగులు అతను చెప్పేవాడు, ధర ఆమె చెప్పేది.

కారు ఇంటికి వచ్చిన ఏడాదే, కోటప్పకొండ తిరునాళ్ళలో తిరుపతమ్మ అరచేతిలో ఇమిడే శివుడి బొమ్మ ఒకటి కొన్నది. ముందువైపు పాలరంగు ప్లాస్టిక్కు. వెనక, పక్కల వెండిరంగు పూత. దాన్ని తన సీటు వైపు తిప్పి, జిగురు పూసి, సరిగ్గా నా మీదే అంటించింది. ఆ రోజునుంచి మార్కండేయులు కంటికి కనిపించేది వెండి పూత మాత్రమే. అతను తాళం తిప్పినప్పుడు నా ఎరుపు ఆ పాలరంగులోంచి ఉదయపు కాంతిలా తిరుపతమ్మ ముఖాన పడేది. ఆమె చేతులు జోడించేది.

"సామి మేలుకున్నాడు. ఇంక పోనీయ్."

"నేను తాళం తిప్పందే మీ సామి లేవడు గదే!"

"నోర్ముయ్. నీ తాళానికి లేచేది నీ డొక్కు కారు. సామి నా దణ్ణానికి లేస్తాడు."

అతనికి తెలుసు, అది ఛార్జింగ్ లైటని. ఒకసారి చెప్పబోయాడు కూడా. జోడించిన ఆమె చేతుల వైపు చూసి ఊరుకున్నాడు. ఎవరికీ నష్టం లేని అబద్ధమని అనుకుని ఉంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఎవరూ నన్ను చూసి అంతకు ముందు నమస్కరించలేదు మరి.

కొన్నేళ్ళకు పొద్దున పూట ఇంజను మూలగడం మొదలుపెట్టింది. మార్కండేయులు బ్యాటరీల కొట్టుకు తీసుకెళ్ళాడు. కొట్టతను హారను నొక్కి విని, "గొంతు పడిపోయిందన్నా. బ్యాటరీ చచ్చింది," అని కొత్తది బిగించాడు. కారు చిటికెలో అందుకుంది. అందరూ తృప్తి పడ్డారు. బాధ కనిపించకపోతే చాలు, మనుషులు దాన్ని ఆరోగ్యమనే అంటారు. నిజానికి డైనమో లోపల కరెంటును బయటికి అందించే బొగ్గు ముక్కలు, బ్రష్షులు, అరిగిపోతున్నాయి. నిండుగా వచ్చిన కొత్త బ్యాటరీ తన నిల్వలోంచి ఖర్చు పెడుతూ ఆ లోటును కప్పిపుచ్చింది. నేను మాత్రం, ఇంజను నడుస్తుండగా, సన్నగా వెలగడం మొదలుపెట్టాను.

వేటపాలెం దాటుతుండగా తిరుపతమ్మ చూసింది.

"ఏమయ్యా, ఇయ్యాల సామి నిద్రపోలా. మనతోనే వస్తన్నాడు."

"రానీయే. టిక్కెట్టు అడగనులే."

అతను తల తిప్పలేదు. నేను చెప్పవలసింది చెప్పాను. ఆమె చూసింది, చూసింది చూసినట్టు పలికింది. కానీ ఆ వెలుగును దేవుడిగా ఉండనిచ్చినవాడికి, అదే వెలుగు గురించిన కబురు భక్తురాలి ముచ్చటగానే వినిపించింది.

ఆ వారమే వాయుగుండం పట్టింది. తెల్లవారినా వెలుగు లేదు. ఒంగోలు ఆసుపత్రి నుంచి ఫోను. తిరుపతమ్మ అక్క కోటేశ్వరమ్మ. తల్లి పోయాక చెల్లెలిని ఒళ్ళో పెట్టుకుని పెంచినది ఆమే. డాక్టర్లు ఇక లాభం లేదన్నారు. చీరల మూటలు దింపకుండానే ఇద్దరూ కారెక్కారు. ఫోను తిరుపతమ్మ చెవి దగ్గరే ఉంది. ఆ గొంతు నాకూ వినిపించింది.

"తిరపతీ, నీ చేత్తో గుక్కెడు నీళ్ళు తాగి పోతానే. బిరీన రా."

"వస్తన్నా అక్కా. కారెక్కేశాం. వస్తన్నా."

వాన దట్టంగా ఉంది. హెడ్‌లైట్లు వేశాడు. వైపర్లు వేశాడు. బ్యాటరీలోకి వచ్చేది ఏమీ లేదు, పోయేది మాత్రం ధారగా పోతోంది. నేను ఎన్నడూ లేనంత ఎర్రగా వెలిగాను. తిరుపతమ్మ ఆ కాంతిలోకి వంగి కూర్చుంది.

"చూడయ్యా, సామి ఎంత వెలుగుతో ఉన్నాడో! అక్కకేం కాదు. నేను పోయేదాకా ఉంచుతాడు."

"ఉంచుతాడులే," అన్నాడు అతను, అద్దంలోంచి రోడ్డు వెతుక్కుంటూ.

చినగంజాం దాటాక, రెండు వైపులా ఉప్పు మడులు నీట మునిగిన చోట, వైపర్లు బరువెక్కి నెమ్మదించాయి. హెడ్‌లైట్లు పసుపుబారాయి. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మార్కండేయులు తాళం తిప్పాడు. టిక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నాలో కూడా ఏమీ మిగల్లేదు. ఆ వానలో చాలాసేపు ఎవరూ ఆగలేదు. చివరికి ఒక ఉప్పు లారీ వారిని ఎక్కించుకుంది. తిరుపతమ్మ లారీ ఎక్కుతూ కూడా బొమ్మ వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

వారు చేరేసరికి కోటేశ్వరమ్మ లేదు. ఆ సంగతి నేను తరువాత విన్నాను, దినకర్మలు అయిపోయాక, నన్ను కారుతో సహా లాగించి తెచ్చిన చీరాల కరీముల్లా షెడ్డు ముందు. అతను కార్ల కరెంటు పనులు చేస్తాడు. తిరుపతమ్మ బయట బల్ల మీద కూర్చుని అతని భార్యతో చెబుతోంది.

"గ్లాసు మంచం పక్కనే ఉందంట. వాళ్ళ కోడలు పట్టబోతే మూతి తిప్పుకుందంట. నా చెల్లెలొస్తంది, ఆగమందంట." తన అరచేతులు తిప్పి చూసుకుంది. "దారంతా సామి మేలుకునే ఉన్నాడు. ఉండి కూడా నన్ను చేరనీలా. అక్క తాగకూడనంత పాపం ఈ చేతులు ఏం చేశాయో తల్లీ!"

ఇంట్లో ఆమె దీపం పెట్టడం మానేసిందట.

కరీముల్లా బ్యాటరీని ఛార్జి చేసి దాని మీద మీటరు పెట్టాడు. ఇంజను వేయించాడు. ముల్లు ఎక్కాలి, ఎక్కలేదు. "బ్యాటరీకి ఏమైందన్నా, బంగారంలాగుంది. దానికి తిండి రావట్లా," అన్నాడు. బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. బిగువుగానే ఉంది. డైనమో విప్పాడు. పలక మీద రాసి రాసి అరగదీసిన బలపంలా ఉన్న బ్రష్షులు అతని అరచేతిలో రాలాయి.

"ఇది ఒక్క రోజులో అయ్యేది కాదు. ఎర్ర లైటు వెలిగుండాలే. చూసుకోలా?"

మార్కండేయులు కళ్ళు కారులోని బొమ్మ మీదికి పోయాయి. కరీముల్లా కారులోకి తొంగి చూశాడు, బొమ్మను చూశాడు, బల్ల మీద ఉన్న మనిషిని చూశాడు. అతనికి అర్థమైంది. కొత్త బ్రష్షులు వేసి, డైనమో బిగించి, ఇంజను వేయించాక ముల్లు ఎక్కింది. నేను ఆరిపోయాను.

"చెప్పమాకన్నా," అన్నాడు గొంతు తగ్గించి. "చూసి కూడా తెలుసుకోలేకపోయానని వదిన ఇంకో రకంగా కుంగిపోద్ది. కారు బాగైంది. సామి మళ్ళీ నిద్రపోయాడనుకుంటది. పోనీయ్."

అది దయగల సలహా. దాన్ని పాటిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. తిరుపతమ్మ తన చేతులను తానే శపించుకుంటూ బతుకుతుంది, అతను పక్కనే కూర్చుని కారు నడుపుతాడు. మార్కండేయులు కారులో కూర్చుని ఇంజను ఆపాడు. లోపలి నుంచి ఎడమ తలుపు తెరిచాడు. బల్ల వైపు తిరిగి, "తిరపతమ్మా, ఇట్టా రా. వచ్చి కూర్చో," అని పిలిచాడు.

ఆమె వచ్చి తన సీటులో కూర్చుంది. బొమ్మ వైపు చూడలేదు. అతను గోళ్ళతో జిగురు పెకలించి బొమ్మను తీసి ఆమె ఒడిలో పెట్టాడు. ఆమె ఉలిక్కిపడింది. అతను తాళం తిప్పాడు. ఎన్నో ఏళ్ళ తరువాత నేను బట్టబయలుగా, ఎర్రగా, వారిద్దరి మధ్య వెలిగాను.

"నువ్వు చూసింది దీన్ని. ఛార్జింగ్ లైటు. బండికి బాగలేదు, ఆపి చూసుకోమని చెప్పే లైటు. నాకు మొదట్నించీ తెలుసు. నీ ముచ్చట చూసి నీకు చెప్పలా. సామి నిన్ను ఆపలేదు. నీ చేతులు ఏ పాపం చెయ్యలా. నేను చెప్పకపోబట్టే అక్క దగ్గరికి పోలేకపోయాం."

తిరుపతమ్మ నన్ను చూసింది. ఒడిలోని బొమ్మను చూసింది. 

"సామి నిద్రపోలా అని నేను ఆ రోజే చెప్పాను గదయ్యా."

"చెప్పావు," అన్నాడు మార్కండేయులు.