గట్టు మీంచి కనిపించే ఇల్లు

ఎతెల్వీనా గువారంగా పందొమ్మిదేళ్లుగా చింబొరాసో కొండ దారుల్లో యాత్రికులను తిప్పుతోంది. అందుకే రియోబాంబా పట్నం నుంచి వచ్చిన కంపెనీ ఇంజనీరు ఫాబ్రీసియో ముందుగా ఆమెనే పట్టుకున్నాడు. ఫోనే దారి చెప్పే ఏర్పాటు ఒకటి చేస్తున్నారట. మంచుకొండ ఎక్కడెక్కడి నుంచి కనిపిస్తుందో చూపించమన్నాడు. ఆమె చూపిన చోట్లు పనికొస్తే కొత్త దారి ఆమె ఊరి మీదుగా వెళ్తుంది, ఆమె ఇంట్లోనే యాత్రికుల భోజనాలు. ఆ ఆశతో మూడు రోజులు కాళ్లరిగేలా తిరిగి పదకొండు చోట్లు చూపించింది.

వారం తర్వాత అతను మొహం మాడ్చుకుని వచ్చాడు.

"ఎత్తుపల్లాల పటం పెట్టి లెక్క చూశాం ఎతెల్వీనమ్మా. పదకొండింట్లో ఏడు చోట్ల నుంచి కొండ కనిపించనే కనిపించదు. మధ్యలో గట్లు అడ్డం."

"అడ్డమే. నాకు తెలీదా బాబూ?"

"తెలిసీ ఎందుకు చూపించావు?"

"అక్కడ మేం టోపీ తీసి నిలబడతాం. మా కొండ తండ్రి, తాయితా చింబొరాసో గాలి మొహానికి తగిలేది అక్కడే. ఆయన మనల్ని చూస్తాడు. మనకి కనిపించాలని ఏముంది?"

"కనిపించే చోటు చూపించవే తల్లీ అంటే దణ్ణం పెట్టే చోటు చూపించావా!" అని అతను తల పట్టుకున్నాడు.

అడిగినవాడికి తెలివి లేదు, చెప్పినావిడకి లౌక్యం లేదు. నష్టపోయింది మాత్రం ఒక్కరే. దారిని ఎదుటి గట్టు మీదికి మార్చేశారు. అక్కడ మనిషి తోడు అక్కర్లేదు. నిలబడ్డ చోటి నుంచి కంటికి ఏది ఆనుతుందో ఫోనే లెక్కగట్టి చెబుతుంది, ఆననిదాని ఊసెత్తదు. ఎతెల్వీనా పొయ్యి చల్లారింది, కడుపు మండింది.

వానలకు ఇంటి గడ్డికప్పు కారుతుంటే పైన నీలం టార్పాలిన్ పట్టా కప్పింది. మూడో రోజుకే ఫాబ్రీసియో దిగాడు.

"ఆ పట్టా తీసెయ్యాలమ్మా. గట్టు మీంచి చూసేవాళ్లకి కళ్లలో పొడుస్తోందట."

"నా ఇల్లు వాళ్లకెందుకు?"

అతను ఫోను నొక్కి చూపించాడు. ఒక ఆడగొంతు తియ్యగా పలికింది: "కుడివైపు కిందికి చూడండి. గడ్డి కప్పిన పాతకాలపు ఇల్లు. మీ అదృష్టం బాగుంటే గొర్రెలతో ఇంటావిడ కూడా కనిపించవచ్చు."

ఎతెల్వీనా ఎదుటి గట్టు వైపు తలెత్తి చూసింది.

"నేను అక్కడికి కనిపిస్తానా?"

"ఏ అడ్డూ లేదు. చక్కగా కనిపిస్తావు."

"పట్టా తియ్యనంటే?"

"మీ ఊరి పెద్దలు సంతకం పెట్టారమ్మా. దారిలో కనిపించేదేదీ మార్చకూడదని."

ఆ పెద్దల మొహాన ఉమ్మెయ్యాలనిపించింది ఆమెకు. నిచ్చెనెక్కి పట్టా లాగి కింద పడేసింది.

మర్నాడు మధ్యాహ్నం వాన మొదలైంది. తడిసిన దుప్పట్లు పట్టుకుని ఎతెల్వీనా బయటికొచ్చింది. ఎదుటి గట్టు మీద యాత్రికులు వరసగా నిలబడి ఇటే ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. వాళ్లలో ఎవరో చెయ్యి ఊపారు. పందొమ్మిదేళ్ల అలవాటు కదా, ఆమె చెయ్యీ లేచింది. లేచాక తన మీద తనకే అసహ్యం వేసింది.