మనుషులుండగా తాళం

వీరదుర్గ గడియ తీసి తలుపు లాగింది. తలుపు కదలలేదు, బయటినుంచి ఎవరో తాళం వేశారు!

లోపల కూతురు రమ్యశ్రీకి నొప్పులు మొదలయ్యాయి. నెలలు నిండిన పిల్ల గోడ పట్టుకుని వంగిపోయింది. వాళ్ళు అద్దెకున్న ఆ వాటాకి ఉన్నది ఒకటే తలుపు. కిటికీకి ఇనప ఊచలు. భర్త బుల్లియ్య చీకటితోనే పడవేసుకుని గోదావరి మీదికి వెళ్ళాడు. అతని ఫోను పలకడం లేదు.

"ఎవరండీ బయట? తియ్యండి బాబూ! పిల్లకి నొప్పులొస్తున్నాయండీ!"

బయట చెప్పుల చప్పుడు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. తరవాత గబగబా దూరమైపోయింది.

ఎవరో ఉన్నారు. విన్నారు. విని కూడా వెళ్ళిపోయారు!

పాఠకులారా, ఇది ఏ అడవిలోనో జరిగింది కాదు. రాజమహేంద్రవరంలో, తెల్లారితే ఆటోలు, పాలవాళ్ళు తిరిగే వీధిలో జరిగింది. వీరదుర్గ కిటికీలోంచి చెయ్యి చాపి చీరకొంగు ఊపుతూ అరిచింది. ఎదురింటి మేడమీద బట్టలారేస్తున్న లాయరు లావణ్య చూసింది. తడిబట్టలు అక్కడే వదిలేసి మెట్లు దిగి పరుగెత్తింది.

"లాజరూ! రాడ్డు పట్రా, తొందరగా!"

ఆటో తుడుచుకుంటున్న లాజరు జాకీ రాడ్డుతో వచ్చాడు. ఒక దెబ్బ. తాళం ఊడలేదు. ఇంకో దెబ్బ. "ఎవడు బిగించాడండీ బాబూ, బ్యాంకు లాకరనుకున్నాడా!" అంటూ మూడోసారి బలమంతా పెట్టి మెలితిప్పాడు. గొళ్ళెం మేకులతో సహా ఊడొచ్చింది.

ఆస్పత్రి గుమ్మంలో ఆటో ఆగిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. "ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరిలో ఎవరూ దక్కేవాళ్ళు కాదు" అని డాక్టరమ్మ చెప్పగానే వీరదుర్గ నేలమీద కూలబడిపోయింది.

తడిసిన లుంగీతోనే బుల్లియ్య వచ్చాడు. అతని వెనకే ఇంటి ఓనరు సూర్యనారాయణరాజు, ఆయన భార్య వరలక్ష్మమ్మ వచ్చారు. వాళ్ళది అదే ఆవరణలో ముందు వాటా.

"ఎవడో ఆకతాయి వెధవ పని. వీధిలో కెమెరా పెట్టించమని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను, ఒక్కడు వింటేనా!" అన్నారు రాజుగారు.

"పోలీసులకి ఫోన్ చేశానండి, వస్తున్నారు" అంది లావణ్య.

బుల్లియ్య చేతులు జోడించాడు. "వద్దండీ లాయరమ్మగారూ. మా మీద ఎవరికో కోపంగా ఉంది. మేమే ఖాళీ చేసేస్తామండి. అసలు తప్పు మాదేనండి. ఏటా పదకొండో నెల రాగానే సామాను బయటపెట్టి, ఒక రాత్రి ఇంటికి తాళం వేయించి, మర్నాడు పాలు పొంగించుకుని మళ్ళీ చేరాలి కదండీ? ఈసారి పిల్ల ఇలా ఉందని మా ఆవిడ ఒప్పుకోలేదండి."

లావణ్య తెల్లబోయింది. "అలా ఎందుకు చేస్తారు?"

"రూలు కదండీ. పన్నెండేళ్ళబట్టీ అంతే. ఆ రాత్రి మేం పడవల దగ్గర పడుకునేవాళ్ళం."

"అలాంటి రూలు ఏ చట్టంలోనూ లేదు బుల్లియ్యగారూ! అద్దె ఒప్పందం కాగితం మీద రాసుకోవాలి. అదీ రూలు. ఇల్లు కావలసి వస్తే ఓనరు నోటీసిచ్చి, అధికారి ముందు అడగాలి. తాళం వేయడం, నీళ్ళు కట్టేయడం ఎవరు చేసినా నేరమే. అద్దె కట్టి ఉన్నవాళ్ళకి ఎన్నేళ్ళయినా ఇల్లు సొంతమైపోదు. ఆ కాగితం ఓనరుకి కూడా రక్ష."

రాజుగారు నుదురు తుడుచుకున్నారు. వరలక్ష్మమ్మ చెంగు విప్పింది. అందులో ఊడిన గొళ్ళెంతో సహా ఆ తాళం.

"ఇది మన మేడగది తాళం కాదండీ?"

"అబ్బే, అది తుప్పు పట్టిందని ఎప్పుడో పారేశానే!"

"పారేసిన దానికి నిన్న నా దీపాల నూనె అడిగి మరీ ఎందుకు రాశారు?"

లాజరు చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. వీరదుర్గ లేచి నిలబడింది. "ఆ చెప్పులు మీవేనా రాజుగారూ? నా కేక విన్నది మీరేనా?"

సూర్యనారాయణరాజు జేబులోంచి తాళంచెవి తీసి ఆమె ముందు బల్లమీద పెట్టారు.

"నేనేనమ్మా. పన్నెండేళ్ళు దాటితే ఇల్లు అద్దెవాళ్ళదైపోతుందని ఎవరో అంటే నమ్మాను. కాగితం రాస్తే అది మీ చేతికి ఆయుధమవుతుందనుకుని, ఏటా మిమ్మల్ని వీధిలో పెట్టాను. ఈసారి మీరు కదలకపోయేసరికి భయం పట్టుకుంది. తాళం వేసి, ఇల్లు ఖాళీగా ఉన్నట్టు ఫోటో తీసుకుని, మీరు లేచేలోపు తీసేద్దామనుకున్నాను. ఫోను పైకెత్తేసరికి నీ కేక వినపడింది. తాళంచెవి నా చేతిలోనే ఉంది. తీస్తే నేనే వేశానని తెలిసిపోతుందని రేవువైపు పారిపోయాను. పోలీసులకి నేనే చెబుతాను. ఒక్క సంతకం పెడితే ఇల్లు పోతుందని భయపడ్డాను. ఆ భయంతో రెండు ప్రాణాలు లోపల పెట్టి తాళం వేశాను."