ఇద్దరు వదినగార్లూ, ఒక చక్రాల కుర్చీ

నేను ఒక చక్రాల కుర్చీని. ఆ మాట వినగానే ముఖం అదోలా పెట్టకండి, ఆసుపత్రి వాసన ఎరగనిదాన్ని. ఫ్యాక్టరీలో ఇనప గొట్టాలు వంచి, నల్ల రెక్సిను బిగించి, చక్రాలు తొడిగినప్పుడు నా తోటివాళ్లంతా ఆసుపత్రులకు వెళ్లారు. నన్ను మాత్రం ఒక మహా విమానాశ్రయానికి పంపారు. ఏ దేశమో చెప్పను. ఉప్పు తిన్న చోటు గురించి పదిమందిలో మాట్లాడటం మర్యాద కాదు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే పక్కూరికి వెళ్లొచ్చినంత దూరం ఉంటుందని మాత్రం చెప్పగలను.

నా మీద కూర్చోని దేశంవాళ్లు లేరు. అయినా అందరికంటే ఎక్కువగా కూర్చున్నది తెలుగువాళ్లే, అందుకే నాకీ భాష ఇంత బాగా పట్టుబడింది. వాళ్లలో సగం మందికి కాళ్లు దివ్యంగా ఉంటాయి. లేనిదల్లా ఇంగ్లీషు. "వీల్‌చెయిరు పెట్టించుకో పిన్నీ, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, వాళ్లే తీసుకెళ్లి విమానంలో కూచోబెడతారు" అని ఊళ్లో ఎవరో చెబుతారు. తిరుపతి కొండ నడిచి ఎక్కిన మనిషి నా మీద కూర్చుని మూలుగుతుంటే నాకు నవ్వొచ్చేది. కోపం మాత్రం ఎప్పుడూ రాలేదు. పరాయి దేశంలో తప్పిపోతామేమోనన్న భయం ఎలాంటిదో నన్ను పట్టుకున్న చాలా చేతుల బిగువులో చూశాను.

ఇప్పుడు నా కాలిపీట ఒకటి విరిగింది. నన్ను స్టోరు గదిలో, పాత ట్రాలీల పక్కన పెట్టారు. రేపో మాపో పాత ఇనుము కింద వేస్తారు. ఇక్కడ చేసేందుకు పనేమీ లేదు కాబట్టి కూర్చున్నవాళ్లను తలుచుకుంటూ ఉంటాను. తలుచుకున్నప్పుడల్లా హాయిగా అనిపించేది మాత్రం మంగతాయారు గారి ప్రయాణమే.

ఆవిడది మండపేట. బాలి నుంచి వచ్చిన విమానం తలుపు దగ్గర నేను ఎదురుచూస్తుంటే, అందరికంటే ముందు దిగి, మహారాణిలా వచ్చి కూర్చున్నారు. కాళ్లకు మెత్తటి ఎంసీఆర్ చెప్పులు, మోకాళ్ల నొప్పులవాళ్లు వేసుకునేవి. వెనకాలే రెండు చేతిసంచులతో ఇంకొకావిడ దిగారు. ఆవిడ సుభాషిణి గారు, తుని ఆవిడ. మంగతాయారు గారి కొడుకు ఫణీంద్రకు సుభాషిణి గారి కూతురు హారికను ఇచ్చారు. ఆ పిల్లలిద్దరూ తల్లులను సరదాగా బాలి తిప్పి, తాము ఇంకో నాలుగు రోజులు ఉండి వస్తామని చెప్పి, వీళ్లిద్దరినీ ముందు పంపారు. ఇక్కడ విమానం మారి విశాఖపట్నం వెళ్లాలి.

నన్ను తోసే మనిషి బయల్దేరాడు. సుభాషిణి గారు పక్కన నడుస్తున్నారు. నేల మీద పడే ప్రతి అడుగూ నా చక్రాలకు తెలుస్తుంది. ఆవిడ ఎడమ పాదం నేలను తాకీ తాకనట్టు పడుతోంది. అది నొప్పి ఉన్న అడుగు. నా మీద కూర్చున్నావిడ పాదాలేమో పీట మీద హుషారుగా తాళం వేస్తున్నాయి. మనుషులు నన్ను వాడుకునే తీరు చూస్తే ఒక్కోసారి ఏమనాలో తోచదు.

"పెళ్లిలో మీరు కళ్లు తిరిగి పడిపోయారు, గుర్తుందా వదినగారూ" అన్నారు మంగతాయారు గారు, కాలక్షేపానికి. "తాళి కట్టే వేళకి అంతా మీ చుట్టూ చేరి విసనకర్రలు పట్టారు. మీ వైపు వాళ్లు కాస్త సుకుమారం లెండి."

"మరేనండి" అన్నారు సుభాషిణి గారు నవ్వుతూ. రెండు సంచులూ ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నారు.

సగం దారిలో నన్ను తోసే మనిషి ఒక మూల, కుర్చీలవాళ్లు ఆగే చోట, నా బ్రేకు వేసి, ఇప్పుడే వస్తానని చేత్తో సైగ చేసి వెళ్లిపోయాడు. ఇంకో పెద్దాయన్ని తీసుకురావాలి కాబోలు. రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. ఎదురుగా పసుపు టోపీలు పెట్టుకున్న యాత్రికుల గుంపు కూర్చుని ఉంది. వాళ్లూ విశాఖవాళ్లే, బాలి నుంచి ఇదే విమానంలో వచ్చారు. ఎక్కడి నుంచో గొంతు వినిపించింది. అందులో విశాఖపట్నం అన్న ఒక్క మాటే వీళ్లకు అర్థమైంది. టోపీలన్నీ ఒక్కసారి లేచి గబగబా కదిలాయి.

"వదినగారూ, వాళ్లు వెళ్లిపోతున్నారు. మనల్ని మర్చిపోయినట్టున్నారండి" అన్నారు మంగతాయారు గారు. నా పీట మీద ఆవిడ పాదాల తాళం ఆగింది.

ఎవరినైనా అడుగుతానని సుభాషిణి గారు లేచారు. నాలుగడుగులు వేసి, తూలి, వెనక్కొచ్చి నా చేతిని గట్టిగా పట్టుకున్నారు. మంగతాయారు గారు వంగి, ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి చూశారు. చీలమండ వాచి, చెప్పు పట్టీ చర్మంలోకి దిగిపోయింది.

"ఎప్పుడు జరిగిందిది?"

"నిన్న సముద్రం దగ్గర, రాళ్ల మీదండి. ఏవనుకోకండి వదినగారూ. హారికకు తెలిస్తే మనతోపాటే వచ్చేస్తుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ వాళ్లిద్దరే కలిసి ఎక్కడికీ వెళ్లింది లేదు. ఈ నాలుగు రోజులూ నా కాలు పాడు చెయ్యకూడదనుకున్నాను. మీరు వెళ్లిపోండి. నేను మెల్లగా వస్తాను."

మెల్లగా వస్తే విమానం ఉండదని ముగ్గురికీ తెలుసు. నన్ను కూడా కలిపే చెబుతున్నాను. ఎడమవైపు మలుపులో పసుపు టోపీలు ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి. మంగతాయారు గారు వాటి వంక చూశారు, తన చెప్పుల వంక చూసుకున్నారు. తర్వాత నా చేతుల మీద బరువైనా వెయ్యకుండా టక్కున లేచి నిలబడ్డారు.

"కూచోండి గమ్మున."

"అయ్యయ్యో, మీ మోకాళ్లు..."

"నా మోకాళ్లకేం, గుండ్రాళ్లలా ఉన్నాయి. కూచోండంటుంటే."

"మగపెళ్లివారి చేత తోయించుకోడమా. పాపం చుట్టుకుంటుందండి."

"విమానం పోయాక ఇక్కడ పాపాలూ పుణ్యాలూ లెక్కపెట్టుకుంటూ కూచుందామా?"

సుభాషిణి గారిని కూర్చోబెట్టి, ఆ బిగుతు చెప్పులు ఊడదీసి, తన మెత్తటి చెప్పులు తొడిగారు. సుభాషిణి గారు రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. వియ్యపురాలి చేత కాళ్లు ముట్టించుకున్నందుకు సిగ్గో, నొప్పి తగ్గినందుకు కలిగిన సుఖమో, ఏడుపు మాత్రం వచ్చేసింది. మంగతాయారు గారు ఆవిడ చెప్పుల్లో తన పాదాలు ఇరికించుకుని, సంచులు రెండూ ఆవిడ ఒళ్లో పెట్టి, కొంగు నడుముకు చుట్టి, నా బ్రేకు ఎక్కడుందో వెతికి, రెండు తిట్లు తిట్టి, ఊడదీశారు.

నా ముందరి చక్రానికి పక్కకు లాగే జబ్బుంది. కొత్తవాళ్లు తోస్తే గోడకు వెళ్లి గుద్దుతాను. ఆవిడ రెండు తోపుల్లో అది కనిపెట్టి నన్ను లొంగదీశారు. అత్తర్ల దుకాణం మధ్య నుంచి, చాక్లెట్ల కొట్టు పక్క నుంచి దూసుకుపోయాం. ఎవరో పిల్ల వాసన చూడమని కాగితం ముక్క చాపితే, అది నా మీదున్నావిడ ఒళ్లో పడింది. నడుస్తూనే మంగతాయారు గారు అసలు సంగతి చెప్పేశారు.

"మీ అన్నయ్యగారి పేకాట బృందం రోజూ మా ఇంట్లోనే దిగేదండి. టీల మీద టీలు. ఒకరోజు మోకాలు నొప్పన్నాను, ఆ పూటకి తప్పింది. అప్పట్నుంచి అదే పట్టుకున్నాను. మా వాడు నిజమనుకుని ఈ కుర్చీ కూడా పెట్టించాడు. పెళ్లికి ముందు మా నాన్న రైసుమిల్లులో బస్తాల బండి తోసిన మనిషిని నేను."

ఏడుస్తున్నావిడ నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు నా రెక్సినులోంచి చక్రాల దాకా పాకింది.

పసుపు టోపీలు వెళ్లిన దారే పట్టి, విమానానికి పంపే తలుపు మూసే వేళకు చేరుకున్నాం. అక్కడి అమ్మాయి నాకు కట్టిన చీటీలో పేరు చూసింది, పాస్‌పోర్టులు చూసింది, కూర్చున్నావిడను చూసింది, రొప్పుతూ నిలబడ్డావిడను చూసింది. వరుసలో ఆఖరున ఉన్న పసుపు టోపీలవాళ్లు కూడా చూస్తున్నారు. దిగేటప్పుడు పాపం పెద్దావిడని దారిచ్చినవాళ్లు వాళ్లే. మంగతాయారు గారు తల దించుకోలేదు. తన మోకాళ్లు చూపించి అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపారు, సుభాషిణి గారి పాదం చూపించారు. ఆ అమ్మాయి చీటీ మీద పేరు కొట్టేసి, కొత్త పేరు రాసి, మంచు సంచి తెచ్చి కాలికి కట్టింది. అప్పుడే నన్ను తోసే మనిషి పరుగున వచ్చి, ఎవరిని తొయ్యాలో తెలియక నిలబడిపోయాడు. నా మీద నుంచి లేచి నడిచినవాళ్లను చాలామందిని చూశాను గానీ, లేచి నన్నే తోసిన మనిషి ఆవిడొక్కరే.

విమానం తలుపు దగ్గర సంచులు నన్ను తోసే మనిషికిచ్చి, అమ్మయ్య అనుకుంటూ సుభాషిణి గారు దిగారు. దిగాక మళ్లీ భయం పట్టుకుంది.

"విశాఖలో అన్నయ్యగారు వస్తారు కదండీ. నా కాలు చూసి అల్లుడుగారికి ఫోను చేసేస్తారేమో."

"చెయ్యరు. నా మోచెయ్యి పట్టుకోండి. గట్టిగా, బరువంతా నా మీద వెయ్యండి" అన్నారు మంగతాయారు గారు. "ఇప్పుడు నేను కుంటుతాను. మీరు నన్ను నడిపిస్తున్నారనుకుంటారు అందరూ. అక్కడా ఇలాగే దిగుదాం."

అన్నట్టే ఆవిడ ముఖం ముడుచుకుని, ఒక కాలు ఈడుస్తూ, మూలుగుతూ కదిలారు. సుభాషిణి గారు ఆవిడ మీద ఆనుకుని, నిటారుగా, నవ్వు ఆపుకుంటూ పక్కన నడిచారు. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి గబుక్కున ముందుకొచ్చి, "జాగ్రత్తమ్మా" అన్నట్టుగా, కుంటుతున్నావిడ రెండో చెయ్యి పట్టుకుంది.